0.693 ఎక్కడి నుంచి వచ్చింది? కాలిక్యులస్‌తో నా అనుభవం

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న రోజే లెక్కలతో పని అయిపోయిందనుకున్నాను. బీ ఫార్మసీలో చేరితే మొదటి సెమిస్టర్‌లోనే బైపీసీ వాళ్లకు రెమెడియల్ మ్యాథమెటిక్స్ ఉంది. అవకలనం, సమాకలనం సూత్రాలు బట్టీ పట్టి పాసయ్యాను.

ఆరో సెమిస్టర్‌లో ఫార్మకోకైనెటిక్స్, అంటే మందు శరీరంలోకి చేరి బయటికి పోయే తీరుని లెక్కగట్టే సబ్జెక్టు, మొదలైంది. చాలా మందులు రక్తంలో ఎంత ఉంటే ఆ నిష్పత్తిలోనే బయటికి పోతుంటాయి, ఆ వేగాన్ని చెప్పే స్థిరాంకం 'కే', హాఫ్ లైఫ్ (మందు సగానికి తగ్గే సమయం) కావాలంటే 0.693ని కేతో భాగించాలి అన్నారు. ఈ 0.693 ఏంటని అడిగితే, "కాన్‌స్టెంట్, గుర్తుపెట్టుకో" అన్నారు. రేపు రోగి మందు డోసు లెక్కేసేటప్పుడు కూడా ఇలా గుడ్డిగానే వేయాలా అని బాధేసింది.

మా హాస్టల్లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ అక్క ఉండేది. తను పుస్తకం తియ్యలేదు, కాలిక్యులేటర్ తెమ్మంది. 3 వర్గం 9. 3.1 వర్గం 9.61. పెరిగిన 0.61ని 0.1తో భాగిస్తే 6.1. అవకలనం వెతికేది ఈ పెరిగే వేగాన్నే. తర్వాత 3.01తో చేస్తే 6.01, 3.001తో 6.001.

"ఆ చిన్న తేడాని సున్నా చేసెయ్యొచ్చు కదా అక్కా?"

"చేసి చూడు."

సున్నాని సున్నాతో భాగిస్తే ఎర్రర్ వచ్చింది. 6కి దగ్గరవుతూనే ఉంటాం కానీ సున్నా పెట్టి 6ని రాబట్టలేం. అవధి (లిమిట్) అనే మాట నాకు అర్థమైంది అప్పుడే.

తర్వాత 2 ఘాతం 0.001 కొట్టమంది. 1.000693 వచ్చింది. అందులోంచి 1 తీసేసి 0.001తో భాగించాను. 0.693! మూడు వారాలుగా నన్ను వేధిస్తున్న అంకె నా చేతిలోనే పుట్టింది. సగం కావడమంటే 2తో భాగించడమే కాబట్టి, 2కి సంబంధించిన ఈ అంకె హాఫ్ లైఫ్‌లోకి వచ్చింది. 2 బదులు 'e' అనే సంఖ్య, అంటే 2.718 పెడితే దాదాపు 1 వస్తుంది, 0.693 లాంటి అంకెని విడిగా మోయక్కర్లేదు. సూత్రాలన్నిట్లో ఆ 'e' ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇంకో లెక్క చేశాను. హాఫ్ లైఫ్ 4 గంటలైతే కే గంటకు 0.173. అంటే గంటలో 17.3 శాతం మందు పోవాలి కదా? పోయేది 15.9 శాతమే. 17.3 అనేది మొదటి క్షణంలో ఉన్న వేగం. మందు తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది.

సమాకలనం ఇంత కష్టపెట్టలేదు. గ్రాఫ్ కాగితం మీద రక్తంలో మందు గాఢత గీసి, గీత కింది భాగాన్ని ట్రెపీజియం ముక్కలుగా కోసి కూడితే ఏయూసీ (ఏరియా అండర్ ద కర్వ్, గీత కింది వైశాల్యం) వస్తుంది. జెనరిక్ మాత్ర అసలు బ్రాండ్‌తో సమానంగా శరీరానికి అందుతోందా అని చూసేది ముఖ్యంగా ఈ వైశాల్యంతోనే. ముక్కలు సన్నబడేకొద్దీ లెక్క అసలు విలువకు దగ్గరవుతుంది. ఇక్కడా అవధే. ఈసారి అక్క చెప్పకుండానే గుర్తుపట్టాను.