పశ్చిమ సహారా మీద మన ఎంపీ చేత ప్రశ్న వేయించడం: నా అనుభవం

లోక్‌సభలో అడగాల్సిన ప్రశ్న నోటీసు నిన్న సాయంత్రం వెళ్ళింది. మళ్ళీ ఇదే పని పెట్టుకునేవాళ్ళకు పనికొస్తుందని, మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

విషయం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పశ్చిమ సహారా ఒకప్పుడు స్పెయిన్ వలస రాజ్యం. 1975 అక్టోబర్ 16న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ నేల మీద మొరాకోకు గానీ మౌరిటేనియాకు గానీ సార్వభౌమాధికారం ఉన్నట్టు ఆధారాలు లేవని తేల్చింది. మూడు వారాలకే, నవంబర్ 6న, మొరాకో లక్షల మందిని ‘గ్రీన్ మార్చ్’ పేరుతో సరిహద్దు దాటించింది. సైన్యమూ దిగింది. ఎదురు తిరిగిన సహ్రావీలతో (అక్కడి స్థానిక ప్రజలు) 1991లో కాల్పుల విరమణ కుదిరినప్పుడు వాళ్ళకు రిఫరెండం (ప్రజల ఓటుతో నిర్ణయం) పెడతామన్నారు, ఇప్పటికీ పెట్టలేదు. నేలను రెండుగా కోస్తూ దాదాపు 2,700 కిలోమీటర్ల ఇసుక గోడ, దాని వెంట మందుపాతరలు ఉన్నాయి. 2020 నవంబర్‌లో ఆ కాల్పుల విరమణ కూడా పోయింది. మన దేశం 1985లో సహ్రావీలు ప్రకటించుకున్న రిపబ్లిక్‌ను గుర్తించి, 2000లో ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. అందుకే ఢిల్లీలో ఈ మాట ఎత్తే హక్కు మనకు గట్టిగా ఉందంటాను.

ఎంపీకి ఉత్తరం రాయడం సులువే. ఒక్క పేజీ, ఒక్క కోరిక, కింద మీ నియోజకవర్గం చిరునామా. స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. ఈమెయిల్ ఒక్కటే పంపి ఊరుకుంటే అది లెక్కలోకి రాదు.

అసలు చిక్కు ఎంపీ ఆఫీసులో పీఏ బల్ల దగ్గర మొదలైంది. ఉత్తరం తీసుకున్నాయన సగం కూడా చదవకుండా ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో ‘విషయం’ గడిలో ‘విదేశీ – పాస్‌పోర్ట్’ అని రాసేశారు. కాదండీ అంటే, “మన రోడ్లే పడట్లేదు, ఆ ఎడారి గోల మనకెందుకండీ?” అని పదిమంది ముందు పెద్దగా అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నాయకుడి దాకా వెళ్ళాల్సిన మాటను గుమ్మంలోనే ఆపేసే హక్కు ఈ పీఏలకు ఎవరిచ్చారు? అక్కడ కోపం పనిచేయదు, వస్తువు చూపాలి. యాభై కిలోల డీఏపీ బస్తా మీద 18:46:0 అని ఉంటుంది కదా. ఆ 46 భాస్వరం శాతం (P2O5 లెక్కలో), అంటే బస్తాకు 23 కిలోలు. అది వచ్చేది ఫాస్ఫేట్ రాయి నుంచి. మన దగ్గర ఫాస్ఫేట్ రాయి తక్కువ, ఎక్కువ భాగం దిగుమతే. పశ్చిమ సహారాలో బూ క్రా గని నుంచి సముద్రం దాకా దాదాపు వంద కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు ఉంది. దాని మీద కదిలే రాయి మన రేవులకూ వచ్చింది. ఇంత చెప్పాక ఆయన రిజిస్టర్‌లో ఆ గడి కొట్టేసి ‘పార్లమెంట్ ప్రశ్న’ అని రాశారు. కాబట్టి ముందు బస్తా సంగతి చెప్పండి, న్యాయం సంగతి తర్వాత.

అక్కడి నుంచి ప్రశ్న రాయడం. నాకు ఎక్కువ రోజులు పట్టింది దీనికే.

లోక్‌సభ నియమాల్లో 41వది దగ్గర పెట్టుకుని కూర్చోండి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. నా మొదటి ప్రతి 212 వచ్చింది. అందులో వాదన, ఊహ, విశేషణం, వ్యంగ్యం ఉండకూడదు. ప్రభుత్వ అభిప్రాయం అడగకూడదు. అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం అడగకూడదు. అన్నిటికంటే గట్టిది ఇంకోటి: స్నేహపూర్వక విదేశం గురించి అమర్యాదగా ప్రస్తావించకూడదు. నా ప్రతిలో ‘మొరాకో దురాక్రమణ’ అని మూడుచోట్ల ఉంది. ఎంపీ గారి దగ్గర పార్లమెంటు పని చూసే కుర్రాడు ఎర్ర పెన్నుతో మూడూ కొట్టేసి, “ఈ మాటతో వెళ్తే తిప్పి పంపేస్తారు సార్” అన్నాడు.

‘ఆక్రమణ’ అన్న మాట వదులుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. జరిగినదానికి ఉన్న పేరే అది. చివరికి దారి దొరికింది. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1979లో చేసిన 34/37 తీర్మానం, పశ్చిమ సహారాను మొరాకో ఆక్రమించుకుని కొనసాగడంతో పరిస్థితి విషమించిందని విచారం వ్యక్తం చేసింది. కాబట్టి ఆ మాట మనం అనక్కర్లేదు. ‘34/37 తీర్మానంలో పేర్కొన్న పరిస్థితికి సంబంధించి’ అని మొదలుపెడితే చాలు. తీర్మానం నంబరు తప్పు పడితే మాత్రం మొత్తం పోతుంది, రెండుసార్లు సరిచూసుకోండి.

తర్వాత ‘ఆ ప్రాంతం ఐరాస స్వయంపాలన లేని ప్రాంతాల జాబితాలో ఉందా’ అన్న ముక్క తీసేశాను. 1963 నుంచీ ఉంది, అది జాబితాలోనే దొరుకుతుంది. ‘ఇది న్యాయమేనా’ అన్నదీ పోయింది, అది అభిప్రాయం. ‘గత మూడేళ్ళలో సహ్రావీల స్వయం నిర్ణయాధికారం విషయమై ప్రభుత్వం ఐరాసలో ఏ చర్యలు తీసుకుంది, వాటి వివరాలేమిటి’ అన్నది మిగిలింది. ఏం చేశారని అడిగితే ఏదో ఒక జవాబు చెప్పాలి. మీరేమనుకుంటున్నారని అడిగితే ప్రశ్న లోపలికే వెళ్ళదు.

ఇంకో పొరపాటు: ఫాస్ఫేట్ సంగతి కూడా అదే ప్రశ్నలో కలిపాను. ఒక్క ప్రశ్న ఒక్క మంత్రికే. విదేశాంగం ఒకరిది, దిగుమతి లెక్కలు వాణిజ్యానివి, ఎరువులు ఇంకొకరివి. విడగొట్టి రెండు రాశాను. రెండోదాంట్లో ఫాస్ఫేట్ రాయికి కస్టమ్స్ వాడే శీర్షిక నంబరు 2510 పెట్టి, మొరాకో నుంచి వచ్చినట్టు నమోదైన ఫాస్ఫేట్ రాయిలో పశ్చిమ సహారాలో తవ్విందెంతో వేరుగా గుర్తించే పద్ధతి ఉందా అని అడిగాను. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2024 అక్టోబర్ 4న పశ్చిమ సహారా ఖర్బూజాల మీద, టమాటాల మీద ఆ ప్రాంతం పేరే ఉండాలని చెప్పింది. ప్రశ్నలో ఇది పెడితే వాదన అవుతుంది. ఎంపీకి ఇచ్చే నోట్‌లో పెట్టండి.

నోటీసుకు పదిహేను పూర్తి రోజుల గడువు కావాలి. మంత్రిత్వ శాఖలను గ్రూపులుగా విడగొట్టి ఒక్కో రోజు కేటాయిస్తారు కాబట్టి ముందు ఆ రోజు చూసుకుని వెనక్కి లెక్కపెట్టండి. స్టార్డ్ ప్రశ్నలు (సభలో మంత్రి నోటి జవాబు చెప్పేవి) రోజుకు 20, అన్‌స్టార్డ్ (రాతపూర్వక జవాబు వచ్చేవి) 230, ఏది ముందో లాటరీలో తేలుతుంది. స్టార్డ్ అయితే అనుబంధ ప్రశ్నకు వీలుంటుంది, అందుకని ఆ నోట్ ఎంపీ జేబులో ఉండాలి. 2025 అక్టోబర్ 31న భద్రతామండలి చేసిన 2797 తీర్మానాన్ని ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. ఆ ప్రాంతానికి తన కిందే స్వయంప్రతిపత్తి ఇస్తానన్న మొరాకో ప్రణాళిక ఆధారంగా చర్చలు జరగాలన్నది అదే. అందులోనూ స్వయం నిర్ణయాధికారం మాట ఉందని, రష్యా, చైనా, పాకిస్తాన్ తటస్థంగా ఉన్నాయని, అల్జీరియా ఓటింగ్‌లోనే పాల్గొనలేదని నోట్‌లో రాశాను.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు. ఫీజు పది రూపాయలు, ఆన్‌లైన్‌లో 3,000 అక్షరాల పరిమితి. కానీ విదేశీ సంబంధాల మీద ఆ చట్టం సెక్షన్ 8(1)(ఎ) కింద తిరస్కరించే వీలుంది. వైఖరి అడక్కండి, దిగుమతి లెక్కలు అడగండి.

ప్రశ్నతో పాటు లోక్‌సభకు అర్జీ కూడా సిద్ధం చేశాను. తెలుగులో రాయొచ్చు, కాకపోతే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం మీద అర్జీదారు సంతకం ఉండాలి. చివర కోరిక స్పష్టంగా రాయాలి. ఉత్తరాలు, ఫోటోలు జతచేయకూడదు. ఎంపీ ద్వారా సమర్పిస్తే ఆయన కౌంటర్ సంతకం (మన సంతకాలతో పాటు ఆయనదీ) తప్పనిసరి. నేను 41 సంతకాలు విడి కాగితాల మీద పోగేశాను. అర్జీ రాసిన కాగితం మీద మాత్రం ఒక్కటీ లేదు. కనీసం ఒక సంతకం ఆ కాగితం మీదే ఉండాలన్నది నియమం. మళ్ళీ టైపు చేయించి, కోరిక కింద ఖాళీ వదిలి, మొదటి సంతకం అక్కడ నేనే పెట్టాను. మిగతా 41 మంది పూర్తి పేర్లు, చిరునామాలు సరిచూశాను. ఎంపీ గారు వచ్చే వారం నియోజకవర్గానికి వస్తున్నారు, కౌంటర్ సంతకం అప్పుడు తీసుకోవాలి.