చెల్లి పేరుతో ఇంకో అకౌంట్: మేం ఏం చేశామంటే

పోయిన దసరా సెలవుల్లో మా చెల్లికి క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఫోన్ చేసి "నువ్వు అడిగిన 800 పంపాను, వచ్చాయా?" అంది. ఇది ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇన్‌స్టాలో చూస్తే దీని పేరుతోనే ఇంకో అకౌంట్, పేరు చివర ఒక అండర్‌స్కోర్ ఎక్కువ, అంతే తేడా. ఫొటో దీని ఓణీల ఫంక్షన్‌ది. అందులోంచి క్లాసులో అబ్బాయిలకు కూడా మెసేజ్‌లు వెళ్లాయి, అవి ఇక్కడ రాయలేను. ఇంటర్ ఫస్ట్ ఇయర్ పిల్ల, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఇక కాలేజీకి వెళ్లనంది.

నేను కంగారులో ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అందర్నీ రిపోర్ట్ కొట్టమన్నాను. తలా ఒక ఆప్షన్ నొక్కారు, దానివల్ల ఒరిగిందేమీ లేదు. వేరేవాళ్లలా నటిస్తున్నారు అనే ఆప్షన్ ఒకటుంది, అది ఆ మనిషి గానీ, తరఫున అమ్మానాన్నలు గానీ చేస్తేనే పని జరుగుతుంది. అమ్మ చేత చేయించాం, గుర్తింపు కార్డు అడిగితే పెట్టాం. అంతకంటే ముందే స్క్రీన్‌షాట్లు తీసుకున్నాం: ప్రొఫైల్, దాని లింక్, ఆ ఫ్రెండ్ ఫోన్లో మెసేజ్‌లు, టైం కనపడేలా. అకౌంట్ పోయాక ఇవేవీ దొరకవు కాబట్టి ముందు ఈ పనే చేయండి.

డబ్బు పోయింది కాబట్టి ఆ అమ్మాయి వాళ్ల నాన్న సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు, యూపీఐ లావాదేవీ నంబర్ అడిగారట. మేం సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల విభాగం కింద ఫిర్యాదు పెట్టాం. పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు, కానీ వివరాలు ఇస్తేనే అది ఎంతవరకు వచ్చిందో నంబర్‌తో చూసుకునే వీలుంటుంది. ఫోన్లోనో కంప్యూటర్లోనో ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు ఉంటుందని చదివి వినిపించాక చెల్లి కొంచెం తేరుకుంది. తప్పు తనది కాదని చట్టంలో కూడా రాసి ఉందన్నమాట. ఆ వారంలోనే అకౌంట్ పోయింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. చెల్లి అకౌంట్ మొదటి నుంచీ ప్రైవేటే! ఫొటో బాబాయి ఫేస్‌బుక్ ఆల్బమ్‌లోది, ఎవరైనా చూసేలా ఉంది. వెనకాల ఫ్లెక్సీ మీద దీని పూర్తి పేరు, నాన్న పేరు, ఊరు, అన్నీ స్పష్టంగా చదవొచ్చు. పిల్లలకు జాగ్రత్తలు చెప్పేది మనమే, వాళ్ల వివరాలు ఊరంతటికీ చూపించేదీ మనమే. బాబాయికి చెబితే పాపం ఆ రాత్రే తీసేశాడు, ఆ ఫొటోలే పెట్టుకున్న స్టూడియో వాళ్లూ అడగ్గానే తీసేశారు. చెల్లి తన బయోలో కాలేజీ పేరు తీసేసి, తెలియని ఫాలోవర్లను తొలగించి, టూ స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే సెట్టింగ్) పెట్టుకుని, ఆ కోడ్ రాకపోతే వాడుకునే బ్యాకప్ కోడ్‌లు నోట్‌బుక్‌లో రాసుకుంది.

పెద్దమ్మ పాత అకౌంట్లో ఇంకా రెండు ఫొటోలున్నాయి. ఆవిడకు పాస్‌వర్డ్ గుర్తులేదు, సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పాత ఫోన్ తీయించి నేనే కూర్చుని చూడాలి.