శుక్రవారం రాత్రి, తల మీద చెయ్యి

పోయిన చలికాలం ఒక శుక్రవారం సాయంత్రం పక్కింటివాళ్లు మమ్మల్ని భోజనానికి పిలిచారు. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా వీధి నిండా తెలుగువాళ్లమే. ఆ యూదు కుటుంబం మాత్రం మా అందరికంటే ముందు నుంచీ ఉంది. వాళ్లమ్మాయి, మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఒకే క్లాసు.

మేం వెళ్లేసరికి కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ల సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి దినం, మొదలవుతుంది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే వెలిగించెయ్యాలట. బల్ల మీద జడలా అల్లిన రెండు రొట్టెలు, వాటి మీద కుట్టుపని చేసిన తెల్లగుడ్డ. ఎందుకు కప్పారని మా చిన్నాడు అడిగాడు. "ముందు ద్రాక్షరసం మీద ప్రార్థన చదువుతాం కదా, తన వంతు వెనకబడిందని రొట్టె చిన్నబుచ్చుకోకుండా" అని చెప్పిందావిడ. వాడికది ఎంత నచ్చిందో, ఆ రాత్రంతా రొట్టె వైపే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత పక్కింటాయన లేచి వెళ్లి తన పిల్లలిద్దరి తల మీద చేతులు పెట్టాడు. కూతురు శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లా ఉండాలని, కొడుకు ఎఫ్రాయిము, మనష్షేల్లా ఉండాలని హీబ్రూలో దీవించాడు. నేను గుంటూరులో మిషన్ స్కూల్లో చదువుకున్నదాన్ని, ఆ పేర్లు నాకు కొత్త కాదు. అబ్రాహాము, మోషే ఉండగా ఈ అన్నదమ్ములెందుకని అడిగాను. "వాళ్లిద్దరూ ఐగుప్తులో, అంటే ఈజిప్టులో పుట్టారు. పరాయి దేశంలో పుట్టి పెరిగి కూడా తాత ఇంటివాళ్లుగా మిగిలారు. అందుకేనని మా పెద్దలు చెబుతారు" అన్నాడు. నాకు కాసేపు మాట రాలేదు.

ఇంటికొచ్చాక బైబిల్లో ఆదికాండం తీసి చదివాను. యాకోబు కొడుకు యోసేపు తన పెద్దకొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు, దేవుడు నా తండ్రి ఇంటిని మరచిపోయేలా చేశాడని. రెండోవాడికి ఎఫ్రాయిము, నేను బాధపడిన దేశంలోనే ఫలించేలా చేశాడని. గ్రీన్‌కార్డు టెన్షన్‌లో ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని నేను. ఆ రెండు పేర్ల మధ్యే బతుకుతున్నాననిపించింది. 48వ అధ్యాయంలో, చూపు మందగించిన యాకోబు మనవల్ని చూసి "వీరెవరు?" అని అడుగుతాడు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కిందటిసారి ఇండియా వెళ్లినప్పుడు గడపలో నిలబడ్డ మా పిల్లల్ని, వాళ్ల యాసని చూసి మా నాన్న మొహంలో కనిపించింది కూడా అదే ప్రశ్న.

ఆ రాత్రి బల్ల దగ్గర ఎఫ్రాయిము పేరు వినగానే పక్కింటాయనకు మా ఊరి సంగతి ఒకటి చెప్పాను. మాది పొన్నూరు. గుంటూరు వెళ్లే దారిలో చేబ్రోలు, దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఎఫ్రాయిము గోత్రంవాళ్లమని, బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటాయి. 1991లో సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. శనివారం సబ్బాతు పాటిస్తారు. మిజోరం, మణిపూర్‌లలో మనష్షే పేరు చెప్పుకునేవాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో, అంటే మతగురువుల్లో ఒకరు తమ సంతతిగా గుర్తించారు. మావాళ్లకు ఆ గుర్తింపు రాలేదు. ఆ దారిలో బస్సులో వందసార్లు వెళ్లి ఉంటాను, ఒక్కసారి కూడా దిగి చూడలేదు. అది చెబుతుంటే నాకే సిగ్గనిపించింది.

ఆ బల్ల దగ్గరే ఇంకొకటి జరిగింది. న్యూజెర్సీ బళ్లలో 1994 నుంచి హోలోకాస్ట్, అంటే నాజీలు యూదుల్ని ఊచకోత కోసిన చరిత్ర, పాఠంగా తప్పనిసరి. మా అమ్మాయి బుర్రలో అప్పటికి అదే తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆయన్ని అడిగేసింది. "మీరు దేవుణ్ణి నమ్ముతారా? నమ్మితే, అరవై లక్షల మందిని చంపుతుంటే ఆయనెక్కడున్నాడు?"

నా గుండె ఆగినంత పనైంది. మా ఇంట్లో అలా అంటే "తప్పు, కళ్లు పోతాయి" అనేదాన్ని. చాలాసార్లు అన్నాను కూడా.

ఆయన స్పూను కింద పెట్టాడు. "నాకు తెలీదమ్మా. మా ఆవిడ నమ్ముతుంది. నేను చాలా రోజులు నమ్మలేను" అన్నాడు. రిచర్డ్ రూబెన్‌స్టీన్ అనే రబ్బీ గురించి చెప్పాడు, నాజీల మరణశిబిరం ఆష్‌విట్జ్ తర్వాత చరిత్రను నడిపించే దేవుణ్ణి ఇక నమ్మలేనని 1966లో రాసినవాడు. ఎమిల్ ఫాకెన్‌హైమ్ గురించి చెప్పాడు, నాజీల శిబిరంలో బందీగా ఉండి బయటపడ్డ తత్వవేత్త. యూదుల ధర్మశాస్త్రం తోరాలో 613 ఆజ్ఞలుంటే ఆయన 614వది ఒకటి చేర్చాడు. హిట్లర్‌కు చచ్చాక కూడా గెలుపు దక్కనివ్వకూడదు, అందుకే యూదులు యూదులుగా మిగలాలి, దేవుడి మీద ఆశ వదులుకోకూడదు. "ఇద్దరూ మావాళ్లే. ఇశ్రాయేలు అన్నది, తెల్లవార్లూ దేవుడితో పెనుగులాడిన యాకోబుకు వచ్చిన పేరే కదా" అన్నాడు.

మరి నమ్మకపోతే ఈ దీవెన ఎందుకని మా అమ్మాయి వదల్లేదు. దేవుడు ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ దగ్గర వాళ్ల పూర్వికులు "చేస్తాం, వింటాం" అన్నారట. చేయడం ముందు, అర్థం కావడం తర్వాత. "నమ్మకం వచ్చేదాకా ఆగితే నా పిల్లలు పెద్దవాళ్లైపోతారు" అన్నాడాయన.

దారిలో మా అమ్మాయి నన్నడిగింది, మనం కూడా అలా అడగొచ్చా అని. అడగొచ్చన్నాను. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటూ రాముణ్ణి నిలదీసిన రామదాసు సంగతి చెప్పాను. పదమూడేళ్లుగా ఆ కథ దానికెందుకు చెప్పలేదో నాకే తెలీదు.

మాకు శుక్రవారం రాత్రి తొమ్మిదంటే పొన్నూరులో శనివారం పొద్దున్న ఏడున్నర. నాన్న స్నానం చేసి, నామం పెట్టుకుని ఫోను దగ్గరికి వస్తారు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయినా ఫోను ముక్కు దగ్గర పెట్టుకునే చూస్తారు. తర్వాతి వారం మా అమ్మాయి ఆయన్నే పట్టుకుంది.

"తాతయ్యా, నువ్వెప్పుడైనా దేవుడితో పోట్లాడావా?"

అరుస్తారేమోనని ఫోను అందుకోబోయాను.

"మీ అమ్మమ్మ పోయాక మూడేళ్లు గుడి మెట్లెక్కలేదు అమ్మలూ" అన్నారు. "మొదటి ఏడాది ఏటిసూతకమని అందరూ అనుకున్నారు. నేనూ అదే చెప్పా. సూతకం కాదు, కోపం."

"మరి మళ్లీ ఎలా వెళ్లావు?"

"ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరు కదమ్మా. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా చీకటి. అదొక్కటీ నేనే పెట్టేవాణ్ణి. దణ్ణం పెట్టేవాణ్ణి కాదు, వత్తి వేసి, నూనె పోసి, వచ్చేసేవాణ్ణి."

ఆ మూడేళ్లూ నేను వారంవారం ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను.