లాడ్జి రిజిస్టర్

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ పని నాది. నిన్న రాత్రి రద్దీ తగ్గాక రిజిస్టర్ చూస్తుంటే ఒకే పేజీలో సేలం, నాందేడ్, బళ్లారి, విజయనగరం. అందరూ ఒక్క రాత్రికే. దర్శనం అయిందా, లడ్డూ సంచి పట్టుకుని బండెక్కారా, అంతే.

వెంటనే 2003 నాటి హాంకాంగ్ హోటల్ గుర్తొచ్చింది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో సార్స్ (ఊపిరితిత్తులకు సోకే ఒక వైరస్ జబ్బు) రోగులకు వైద్యం చేసిన డాక్టర్ ఒకాయన ఫిబ్రవరి 21న ఆ హోటల్లో తొమ్మిదో అంతస్తులో దిగాడు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. అక్కడ దిగిన ఇంకొందరికి అంటుకుంది. లక్షణాలు బయటపడడానికి కొన్ని రోజులు పడుతుంది కదా, ఆలోపే వాళ్లు విమానాలెక్కేశారు. హనోయ్, సింగపూర్, టొరంటో. జులై కల్లా ఎనిమిది వేల పైచిలుకు కేసులు, 774 మరణాలు. ఆ హోటల్ రిజిస్టర్ కూడా మా దానిలాగే ఉండి ఉంటుంది.

ఆ వైరస్ మూలం గబ్బిలాల్లో ఉంది. సంతల్లో మాంసానికి అమ్మే ఒక రకం పునుగు పిల్లుల్లోనూ దొరికింది. పునుగు అంటే మనకు శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసే తైలమే తెలుసు (ఆ పిల్లి జాతి వేరేలెండి).

కరోనాలో 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆపితే "ఇదేం చోద్యం" అన్నవాళ్లలో మా ఓనర్ ఒకరు. రూముల్లో గాలి ఆడేలా కిటికీలు బాగుచేయిద్దాం సార్ అన్నాను పొద్దున. "ముందు 204లో గీజర్ సంగతి చూడప్పా" అన్నారు.