అమ్ముడుపోని మొక్కకు వయసు ఆగదు

నిన్న అలమర సర్దుతుంటే పాత నోటు పుస్తకం చేతికొచ్చింది. పెరట్లో నర్సరీ మొదలుపెట్టిన మొదటి ఏడాది లెక్కంతా అందులో ఉంది. కవర్లలో పెట్టినవి 412. అమ్మినవి 171. చచ్చిపోయినవి 93. మిగిలిన 148 ఏమయ్యాయని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది. వాటికి తెగులు రాలేదు, పురుగు పట్టలేదు. ముదిరిపోయాయి, అంతే.

పదిహేనేళ్లు ఆఫీసులో పద్దులు రాసినదాన్ని. ఎంత పెట్టాం, ఎంత వచ్చింది అనేది నాకు తెలిసిన విద్యే. అయినా ఆ 148 నా కళ్లముందే ముదురుతుంటే రోజూ నీళ్లు పోస్తూ నిలబడ్డాను. ఒకరోజు అత్తయ్య గడప మీద కూర్చుని చూసి చూసి, "అమ్మాయ్, నువ్వు మొక్కలు అమ్ముతున్నావా, సాకుతున్నావా?" అంది. కోపం వచ్చింది కానీ జవాబు మాత్రం రాలేదు.

మా పెరడు పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు. చెప్పుకోవడానికి 240 చదరపు అడుగులు. నడిచే దారి, మట్టి కలిపే చోటు, నీళ్ల తొట్టి పోను మొక్కలకు మిగిలేది సగమే. ఆరంగుళాల కవర్లు చదరపు అడుక్కి నాలుగు పడతాయి, అంటే ఒకదానికొకటి ఆనించి పేరిస్తే 480. కానీ అలా ఆనించి పెడితే గాలి ఆడదు, కింది ఆకులు పండిపోతాయి, మొక్కలు వెలుతురు కోసం సన్నగా పైకి సాగుతాయి. కాబట్టి నాకు నిజంగా పట్టేవి 300 మాత్రమే. మొదట్లో 200 మందారం కొమ్మలు ఒకే ఆదివారం గుచ్చాను. అన్నీ ఒకేసారి వేళ్లు పట్టాయి, ఒకేసారి ఎదిగాయి, ఒకేసారి అమ్మకానికి వచ్చాయి. మందారం కావాలనేవాళ్లు మాత్రం వారానికి నలుగురో ఐదుగురో.

కవర్లోని మొక్కకు అమ్ముకునే వయసు ఒకటి ఉంటుంది. మట్టి ముద్ద విడిపోకుండా వేళ్లు పట్టుకున్నప్పుడు మొదలై, ఆ వేళ్లు కవరు గోడ వెంట తిరగడం ఎక్కువైతే అయిపోతుంది. ఆ ముదిరినవాటిలో ఒకదాన్ని కవరు చింపి చూశాను. లోపల మట్టి కనిపించలేదు. వేళ్లు చుట్టకుదురులా చుట్టలు చుట్టలుగా బిగుసుకుపోయి, చేత్తో నొక్కితే చెక్కలా తగిలింది. నీళ్లు పోస్తే పైన నిలిచి, తర్వాత అంచుల వెంట జారిపోయాయి కానీ లోపలికి ఇంకలేదు. అలాంటిదాన్ని అలాగే నేలలో పాతితే వేళ్లు ఆ చుట్లలోనే తిరుగుతాయి. కొన్నేళ్లకు మొదలునే బిగించేస్తాయి. కొన్నవాళ్లకు అప్పుడు తెలుస్తుంది, అప్పటికి నేను గుర్తుండను.

ఇప్పుడు రెండు వారాలకొకసారి ముప్పై కొమ్మలు, అంతకు మించి కాదు. పెన్సిలంత లావున్న కొమ్మ తీసుకుంటాను, మరీ లేతది కుళ్లుతుంది, మరీ ముదురుది మొండికేస్తుంది. నాలుగు కణుపులు ఉండాలి. కింది కణుపుకు సరిగ్గా అడుగున ఏటవాలుగా కోస్తాను, పైన తిన్నగా. అందం కోసం కాదు, ఏది పైనో ఏది కిందో తెలియడానికి. తలకిందులుగా గుచ్చిన కొమ్మకు వేళ్లు సరిగా రావు, అదీ చేసి చూశాను. కింది ఆకులు తీసేసి, పై ఆకులు సగానికి కత్తిరిస్తాను. వేళ్లు లేని కొమ్మకు నీళ్లు సరిపడా అందవు, ఆకు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటుంది. వేళ్లు రప్పించే హార్మోను పొడి, ఐబీఏ అంటారు, దాన్ని కాగితం మీద కొంచెం పోసుకుని అందులో అద్దుతాను, డబ్బాలో నేరుగా ముంచను, ముంచితే తడి తగిలి డబ్బా మొత్తం పాడవుతుంది. ఆ తర్వాత నాలుగైదు వారాలు ప్లాస్టిక్ షీటు కప్పిన పెట్టెలో ఉంచుతాను. వేళ్లు పట్టాక మెల్లగా లాగితే కొమ్మ ఎదురు లాగాలి. మొదట్లో ఆత్రం ఆగక రోజూ లాగేదాన్ని. వేళ్లు రాకపోవడానికి అదొక కారణమని మా అమ్మాయి చెప్పాక మానేశాను.

ఇక పాము మొక్క, అంటే స్నేక్ ప్లాంట్ సంగతి. ఆకు అంచున పసుపు గీత ఉండే రకం, అందరూ అడిగేది. నా దగ్గర తల్లి మొక్క ఒకటే. ఆకును ముక్కలు చేసి గుచ్చితే మొలుస్తుందని విన్నాను, అరవై ముక్కలు గుచ్చాను. నిజంగానే మొలుస్తుంది. రెండు నెలలకు వేళ్లు, మరో మూడు నెలలకు పిలకలు. మట్టి పగిలి ఆకుపచ్చ మొన ఒకటి తలెత్తిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. రెండోది, పదోది, యాభయ్యోది వచ్చాయి. పసుపు అంచు ఒక్కదానికీ లేదు. ఎండ చాలలేదేమోనని జరిపాను, ఎక్కువైందేమోనని మళ్లీ జరిపాను. తర్వాత చదివితే తెలిసింది, ఆ మొక్క ఒక్క మొక్క కాదట. అంచులోని పసుపు కణాలది ఒక వంశం, లోపలి పచ్చ కణాలది ఇంకో వంశం, రెండూ ఒకే ఆకులో కాపురం చేస్తున్నాయి. కైమీరా అంటారు దీన్ని. ఆకు ముక్క నుంచి వచ్చే పిలక లోపలి పచ్చ కణాల నుంచి లేస్తుంది కాబట్టి పసుపు అక్కడితో ఆగిపోతుంది. అంచు నిలవాలంటే తల్లి మొక్కను పెకలించి, పిలకను దుంపతో సహా విడదీయాలి. ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. ఐదు నెలల చోటు, ఐదు నెలల నీళ్లు పోసి ఎవరూ అడగని పచ్చ మొక్కలు యాభై తయారుచేశాను. పచ్చ రకమనే చీటీ రాసి అమ్మాను. పసుపు తర్వాత వస్తుందని చెప్పి అమ్మమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ సలహా తీసుకోలేదు.

ధర దగ్గర చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. కవరుకు ఇంత, మట్టికి ఇంత, ఎరువుకు ఇంత, పైన కొంచెం లాభం అని వేసుకున్నాను. చచ్చినవాటి ఖర్చు ఎవరు మోస్తారు? పది కొమ్మల్లో ఏడు బతికితే, ఆ మూడింటి ఖర్చు ఈ ఏడు మొయ్యాలి. ఇంకొకటి, చోటు అద్దె. మందారం నాలుగు నెలల్లో వెళ్లిపోతుంది. అడీనియం అమ్మే సైజుకు రావడానికి ఏడాది తీసుకుంటే, అది కూర్చున్న చోటులో మూడు విడతల మందారాలు తీయొచ్చు. అంటే దాని ధర మందారానికి కనీసం మూడింతలు ఉండాలి. లేకపోతే ఆ అడీనియాన్ని నేను నా జేబులోంచి చదివిస్తున్నట్టే లెక్క. నా కూలీ సంగతి రెండో ఏడాది దాకా లెక్కలోకే రాలేదు. డబ్బాతో 300 కవర్లకు నీళ్లు పోయడానికి యాభై నిమిషాలు పట్టేది, పైపుకు జల్లు మూతి బిగించాక ఇరవై. ఆ అరగంట మిగలడం నా దృష్టిలో ఏ ఎరువు కన్నా పెద్ద లాభం.

మట్టిలో కలిపే కొబ్బరి పీచు పొట్టు, అదే కోకోపీట్ గురించి ఒక్క మాట. కడగకుండా వాడొద్దు. అందులో ఉప్పు ఉంటుంది. ఆకుల అంచులు మాడినట్టు అవుతుంటే నేను నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను, మొదటి ఏడాది చచ్చినవాటిలో చాలా వరకు అవే.

పిండినల్లి మాత్రం చుట్టంలా వచ్చింది. తెలిసినవాళ్లు బహుమతిగా ఇచ్చిన మొక్కను ముచ్చటపడి అన్నిటి మధ్యలో పెట్టాను. మూడు వారాలకు కణుపుల్లో తెల్లగా దూది అంటుకున్నట్టు కనిపించింది. సబ్బు నీళ్లు, వేప నూనె కొట్టాను, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. అసలు దారి చీమలు చూపించాయి. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినడానికి వచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. చీమల బారును అడ్డుకున్నాకే మందు పనిచేసింది. ఇప్పుడు ఏ కొత్త మొక్క వచ్చినా మూడు వారాలు గేటు పక్కనే ఉంటుంది, ఎంత దగ్గరివాళ్లు ఇచ్చినా సరే.

ఇంకో జాగ్రత్త. మీరు కొన్న గులాబీ అందంగా ఉందని దాని కొమ్మలు గుచ్చి అమ్మకానికి పెట్టకండి. కొన్ని రకాల మీద వాటిని సృష్టించినవారికి హక్కులుంటాయి. 1961లో పుట్టిన యూపీవోవీ అనే అంతర్జాతీయ ఒప్పందం దీని కోసమే. 1991లో సవరించిన దాని రూపం ప్రకారం ఆ హక్కు కనీసం 20 ఏళ్లు, చెట్లకు, ద్రాక్షలాంటి తీగలకు 25 ఏళ్లు. మొక్కకు వేలాడే చీటీ పారేయకుండా చదవండి. అనుమానంగా ఉంటే పాత రకాలే పెంచుకోండి, వాటికేం తక్కువ లేదు.

కొనేవాళ్ల గురించి రాస్తే వేరే పుస్తకమే అవుతుంది. మా వీధిలో ఒక బాబాయిగారు నా దగ్గర మూడు నందివర్ధనాలు తీసుకెళ్లారు, మూడూ పోయాయి. నాలుగోసారి వచ్చి, "నీ మొక్కల్లోనే ఏదో లోపం ఉందమ్మా" అన్నారు. "అది కాదు బాబాయిగారూ, ఒకసారి కుండీ చూపించండి" అని వెంట వెళ్లాను. చక్కటి పింగాణీ కుండీ. అడుగున చిల్లు లేదు. "చిల్లు ఎందుకమ్మా, అడుగున గులకరాళ్లు వేశాను కదా" అన్నారు. వేలు లోపలికి పోనిస్తే బురద, వాసన. రాళ్లు వేస్తే నీళ్లు ఇంకుతాయనేది చాలామందికి ఉన్న నమ్మకమే. నిజానికి మట్టి అడుగున తడి ఒక పొరలా నిలబడుతుంది. రాళ్లు వేస్తే ఆ పొర ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికే జరుగుతుంది. చిల్లు ఉన్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి, దాన్ని ఆ పింగాణీలో దింపి ఇచ్చాను. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయమన్నాను. ఆ మొక్క పూసింది. ఆయన ఇప్పుడు వీధిలో అందరికీ చిల్లు గురించి చెబుతుంటారు.

ఇప్పుడు నెలకొక ఆదివారం ఏరివేత పెట్టుకున్నాను. వయసు దాటినవి ఒక పక్కకు తీస్తాను. వేళ్లు కోసి పెద్ద కవర్లోకి మార్చదగ్గవి మారుస్తాను, కొన్ని తగ్గించి ఇస్తాను, మిగతావి ఎరువు గుంటలోకి. మొదట్లో మా ఆయన్ని వేయమని ఇంట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేనే వేస్తున్నాను.

ఆ మొదటి ఏడాది 148లో ఒక మందారాన్ని అత్తయ్య గుంటలోంచి తీసి గోడ పక్కన పాతింది. వేళ్లు విప్పకుండానే. మూడేళ్లు బాగా పూసింది, పూసినప్పుడల్లా అత్తయ్య నా వైపు చూసి నవ్వేది. మొన్న గాలికి మొక్క మొదట్లోనే ఊగుతుంటే పక్కన తవ్వి చూశాను. ఆరంగుళాల కవరు ఆకారం అలాగే ఉంది, చుట్టూ బయటికి పోయిన వేళ్లు రెండో మూడో. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు. ఒక కర్ర పాతి కట్టాను. సాయంత్రం దాని కొమ్మలు పన్నెండు కోసి పెట్టెలో గుచ్చాను. ఈ పక్షం ముప్పైలో అవి పన్నెండు.