క్యాంపర్ వెనక బండి, పిల్లల చేతిలో తాడు

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో పిల్లలకు వినపడే తెలుగు చాలావరకు కంచం ముందరిదే: తిను, చాలా, ఇంకొంచెం వెయ్యనా. దానికి తల ఊపితే సరిపోతుంది, నోరు తెరవక్కర్లేదు. చక్రాల మీది ఇల్లు లాంటి క్యాంపర్ వెనక మోటారు సైకిలు కట్టే పనికి అలా కుదరదు. లాగు, ఆపు, వదులు, బిగించు, పట్టుకో అని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకపోతే బండి మీద పడుతుంది.

తాడు కన్నా ముందు లెక్క. క్యాంపర్ కారు లాక్కెళ్లే ట్రైలర్ రకమైతే, అది 2,500 కిలోలు, దాని ముక్కు కారు హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే చోటు) మీద మోపే బరువు 300 కిలోలు అనుకోండి. ఇరుసు నుంచి హిచ్ బాల్ 5 మీటర్లు, ఇరుసుకు వెనక బైకు 4 మీటర్లు. బైకూ క్యారియరూ కలిపి 200 కిలోలు. 200ని 4తో హెచ్చవేసి 5తో భాగిస్తే 160. అంటే వెనక బరువు ముక్కును పైకెత్తి అక్కడ 140 కిలోలే మిగులుస్తుంది. మొత్తం 2,700లో అది 5 శాతం. ఉండాల్సింది 10 నుంచి 15. హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టేది ఇందుకే. పిల్లలకు దీన్ని బావిలోంచి నీళ్లు తోడే ఏతాం బొమ్మ గీసి చెప్పండి. ఆ మాట వాళ్లకు కొత్త, తాతగారికి కొట్టినపిండి. ఆ పూట ఫోనులో ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒకటి దొరికినట్టే.

ఇంజిను తనకే ఉన్న మోటార్‌హోమ్‌కు లెక్క వేరు. రెండు ఇరుసుల మధ్య 5 మీటర్లు, వెనక ఇరుసుకు 3 మీటర్ల అవతల అదే 200 కిలోలు వేలాడితే వెనక ఇరుసు మీద 320 పడుతుంది, ముందు చక్రాల మీద 120 తగ్గుతుంది. స్టీరింగ్ తేలికైపోతుంది. ఇక ట్రైలర్ వెనకుండే చదరపు బంపర్ పల్చటి రేకు. మురుగు పైపు దాచుకోవడానికి పనికొస్తుంది గానీ బైకు మొయ్యదు. బైకు క్యారియర్‌ను మోసే హిచ్‌ను ఛాసిస్‌కే, అంటే అడుగునున్న ఇనుప చట్రానికే బిగించాలి.

కట్టడం అసలు పని. ముందు చక్రం చాక్‌లోకి (చక్రాన్ని కదలకుండా పట్టే గాడిలోకి) దిగాక, హ్యాండిల్ కింద ఫోర్కులను పట్టి ఉంచే క్లాంపుకు రెండు వైపులా మెత్తని లూపులు వేసి, వాటికి పట్టీల కొక్కేలు తగిలించాలి. కొక్కెం నేరుగా లోహానికి తగిలిస్తే గీతలు పడతాయి, గతుకుల్లో ఊడి వస్తుంది. పట్టీలు ముందుకీ పక్కకీ వాలుగా దిగాలి. పట్టీని బిగించే ర్యాచెట్ ఒక్కో నొక్కుకీ ఫోర్కు కొంచెం కిందికి దిగడం కనిపిస్తుంది. ఫోర్కు దిగగల దూరంలో సగం దిగగానే ఆపాలి. అడుగంటా నొక్కేస్తే గతుకుకు ఆడే చోటుండదు, ఫోర్కులోని నూనెను ఆపే సీళ్ల దగ్గర నూనె చెమర్చడం మొదలవుతుంది. వదులుగా ఉంచితే గుంతలో ఫోర్కు కుంగినప్పుడు పట్టీ సడలి కొక్కెం జారుతుంది. ఒకవైపు మొత్తం బిగించేశాక రెండోవైపుకు పోవద్దు, అటో నొక్కు ఇటో నొక్కు. ఆ పట్టీ బ్రేకు గొట్టాన్ని రాసుకుంటోందా అని వేలు పెట్టి చూడడం పదేళ్ల పిల్లకు ఇవ్వదగ్గ పని. వెనక రెండు పట్టీలు బండి పక్కకు గెంతకుండా చూడడానికే. గాలికి పట్టీ కొట్టుకోకుండా ఒక మెలిక తిప్పండి. క్యాంపర్ పొగగొట్టం గాలి బైకు టైరుకో పట్టీకో తగలకూడదు. నంబరు ప్లేటు, వెనక దీపాలు బైకు చాటున పడకూడదు.

జూన్‌లో సెలవులకు ఊరొస్తే ఇదే పని వేరే సరంజామాతో ఎదురవుతుంది. ఇక్కడ క్యాంపరూ లేదు, ర్యాచెట్టూ లేదు. బారువ తీరానికి కుటుంబం కారులో, బండి టాటా ఏస్‌లో. 195 కిలోల బుల్లెట్ క్లాసిక్‌ను నలుగురు ఎత్తే బదులు, ఏస్‌ను వెనక్కి తెచ్చి గట్టుకు ఆనిస్తే దాదాపు సమానంగా ఎక్కిపోతుంది. పిల్లలు ఏటవాలుకు దిగువన నిలబడకూడదు, ఆ ఒక్కదాంట్లో గారం పనికిరాదు. లూపుల చోట మోకు, రాసుకునే చోట మడిచిన గోనె సంచి, చక్రాల కింద చెక్క దిమ్మలు. జారుముడి వేసి మీద పీటముడి బిగిస్తారు. తడిస్తే నైలాన్ తాడు సాగుతుంది, కనుక వాన పడితే మళ్లీ లాగాలి. పడకపోయినా నరసన్నపేట దగ్గర ఓసారి ఆపి చూడటం మంచిది. "ఏటలా సూస్తావు, లాగు" అని తాతగారు అంటే అది కసురు కాదని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

దించాక వచ్చే చిక్కు ఇంకొకటి. పదహారేళ్లకే అమెరికాలో లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడికి మావయ్య ముచ్చటపడి తాళం ఇవ్వబోతాడు. ఇక్కడ గేరు బండికి 18 నిండాలి. మైనరు నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం సంరక్షకుడికో బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మావయ్య మనసు కష్టపెట్టకుండా ఆ సంగతి తల్లిదండ్రులే ఆయనతో విడిగా మాట్లాడుకోవాలి, పిల్లాడి చేత కాదనిపించకూడదు.

విప్పేటప్పుడు వెనకవి ముందు, హ్యాండిల్ దగ్గరవి చివర. చివరి రెంటిలో దేన్ని వదిలినా బండి అవతలికి ఒరుగుతుంది. అందుకే ముడి మీద చెయ్యి వేసిన పిల్ల "వదిలేస్తున్నా" అని గట్టిగా అనాలి, హ్యాండిల్ దగ్గరున్న పెద్దాయన "పట్టుకున్నానమ్మా" అనేదాకా వదలకూడదు.