డీఎస్సీ చదువులో వాగ్దానాన్ని ఎలా పట్టుకున్నాను

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష అయిన మెగా డీఎస్సీ 2025లో ప్రకాశం జిల్లా నుంచి ఎస్‌జీటీగా (చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) సెలెక్ట్ అయ్యాను. ఏ పుస్తకాలు చదివావని చాలామంది అడుగుతున్నారు. దానికి జవాబు చిన్నదే. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, డీఎడ్ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) పుస్తకాలు, పాత పేపర్లు, మళ్లీ పాఠ్యపుస్తకాలు. అంతకుమించి నా దగ్గర ఏ రహస్యమూ లేదు. కానీ మన సంఘాల్లో పిల్లలు ఇంకో ప్రశ్న అడుగుతున్నారు: "అక్కా, వాగ్దానం పట్టుకుని ప్రార్థన చేస్తే జాబ్ వస్తుందా?" దీనికి తొందరపడి అవునని చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా. ఒంగోలులో మేమున్న హాస్టల్ గదిలో గోడకు టైమ్‌టేబుల్, దాని పైన ఆ కార్డు అంటించి ఉండేవి. నాకు వచ్చింది ఫిలిప్పీ 4:13. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." ఆ ఒక్క వచనమే చూస్తే ఉద్యోగం ఖాయమని దేవుడు రాసిచ్చినట్టే అనిపిస్తుంది. దానికి ముందున్న రెండు వచనాలూ కలిపి చదవండి. ఆ పత్రిక రాసిన పౌలు అప్పటికి బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు. కడుపు నిండినా, ఆకలితో ఉన్నా, చేతిలో ఉన్నా, లేకపోయినా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానని చెప్పి, ఆ వెంటనే ఈ మాట అన్నాడు. అంటే దేవుడు మాటిచ్చింది బలం గురించి. మెరిట్ లిస్టులో పేరున్నా, లేకపోయినా నిలబడే బలం. ఇది అర్థమయ్యాక నా టెన్షన్ సగం తగ్గింది. రిజల్ట్ ఏమవుతుందో అన్న భయం పక్కన పెట్టి, ఈ రోజు చదవాల్సింది చదవడానికి శక్తి ఇవ్వమని అడగడం మొదలుపెట్టాను.

ఆ శక్తి ఎలా వస్తుందన్నది బైబిల్లో ఏలీయా ప్రవక్త దగ్గర చూడండి. మొదటి రాజులు 19వ అధ్యాయం. ఇక నావల్ల కాదు, నా ప్రాణం తీసుకో అని ఆ మనిషి బదరీ చెట్టు కింద పడుకుంటే, దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. ఆ భోజనపు బలంతోనే హోరేబు దాకా నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచాడు. రోహిణి కార్తె ఎండల్లో, కరెంటు పోయిన గదుల్లో, ఉపవాసం ఉంటూ రాత్రి రెండింటి దాకా మేలుకునే చెల్లెళ్లను చూశాను. అమ్మా, ఉపవాస ప్రార్థన మంచిదే. కానీ పరీక్ష వారంలో పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తినండి, రాత్రి పదకొండుకల్లా పడుకోండి. అది విశ్వాసం తగ్గడం కాదు. ఏలీయాకు దేవుడు చేసింది అదే.

ఒంగోలులో చదువుకునే మనకు ఇంకో సాక్ష్యం కళ్లెదుటే ఉంది, ప్రార్థన కొండ. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దొర దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. నోటిఫికేషన్ ఆలస్యమైందని దేవుడు వినడం లేదనుకునే రోజుల్లో నేను ఆ లెక్క గుర్తు చేసుకునేదాన్ని.

తర్వాత 1876-78 ధాత కరువు వచ్చింది. క్లౌ దొర ప్రార్థనతో సరిపెట్టలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. కూటి కోసం దేవుణ్ణి నమ్మారన్న మాట రాకూడదని, కరువు సాయం జరుగుతున్నన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక చేతికొచ్చేది ఏమీ లేదని తెలిసి వచ్చిన మనుషులు వాళ్లు. మనం ఉద్యోగం కోసం దేవుణ్ణి పట్టుకుంటున్నామా, దేవుణ్ణి పట్టుకుని ఉద్యోగానికి చదువుతున్నామా? మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి.

పరీక్ష రోజు సంగతి. 160 బిట్లు, 80 మార్కులు, నెగెటివ్ లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, "ప్రభువా, చదివింది గుర్తుకు తెప్పించు" అన్నాను. చదవనిది చెప్పమని అడగలేదు. సైకాలజీలో ఒక బిట్‌కు రెండు ఆప్షన్లు సరైనవిలాగే కనిపించాయి. పిల్లల ఆలోచన ఎదిగే తీరుకు పియాజే అనే శాస్త్రవేత్త చెప్పిన దశల్లో అది పూర్వ ప్రచాలక దశా, మూర్త ప్రచాలక దశా? చెయ్యి వణికింది. కళ్లు మూసుకుని నిదానంగా ఊపిరి తీసుకున్నాను. డీఎడ్‌లో గీసుకున్న పట్టిక, ఒకే నీళ్లను వెడల్పు గ్లాసులోంచి పొడుగు గ్లాసులోకి పోసిన బొమ్మ గుర్తొచ్చాయి. జవాబు పెట్టి ముందుకు వెళ్లాను. వేర్వేరు షిఫ్టుల మార్కులను సమం చేసే నార్మలైజేషన్‌లో మార్కులు పెరుగుతాయా, తగ్గుతాయా అని బయట అందరూ కంగారు పడ్డారు. అది మన చేతిలో లేదు కాబట్టి నేను అమ్మతో పాటు పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లాను.

ఇప్పుడు కష్టమైన మాట. మా గదిలో నాకన్నా ఎక్కువ ప్రార్థన చేసే అమ్మాయికి పోస్టు రాలేదు. ఆమె విశ్వాసంలో లోపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లిస్టు వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి మొదట "స్తోత్రం" చెప్పింది, తర్వాత ఏడ్చింది. ఆ ఆదివారం ఎప్పటిలాగే చర్చిలో ముందు వరుసలో కూర్చుని పాడింది. ఫిలిప్పీ 4:13 నా కార్డు మీద ఉంది గానీ, దాన్ని నా కళ్లతో చూసింది ఆమెలోనే.

ఆమె ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో చెబుతూ టెట్‌కు (టీచర్ అర్హత పరీక్షకు) చదువుతోంది. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి, క్వాలిఫై అయినవాళ్లు కూడా మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడం మంచిది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇద్దరం ఫోన్‌లో కలుస్తాం. నేను ఒక కీర్తన చదువుతాను, ఆమె ప్రార్థన చేస్తుంది, తర్వాత ఒకరినొకరం బిట్లు అడుక్కుంటాం. టెట్‌లో ఎస్‌జీటీలకు ఉండే పేపర్ 1కు చదివే చెల్లెళ్లు ఎవరైనా ఇందులో చేరవచ్చు. ఈ వారంతో పియాజే అయిపోతుంది, సోమవారం నుంచి సైకాలజీలోనే ఇంకో శాస్త్రవేత్త వైగాట్‌స్కీని మొదలుపెడుతున్నాం.